రంగులతో పాటు పెట్టెలూ

నేను ఒక పాత కంప్యూటర్ని. సికింద్రాబాద్‌లో ఒక షాపు బల్ల మీద నాలుగు కంపెనీల భాగాలు కలిపి, స్క్రూలు బిగించి నన్ను లేపి నిలబెట్టారు. మొదట కాకినాడలో ఒక నెట్ సెంటర్లో పిల్లలకు ర్యాంకులు చూపించాను. మంచి ర్యాంకు వస్తే తమ తెలివి అనుకునేవారు, రాకపోతే నన్ను చరిచేవారు. తర్వాత ఒక డీటీపీ సెంటర్లో శుభలేఖలు. చివరికి పాలిటెక్నిక్‌లో చదివే హైమవతి చేతికి వచ్చాను.

హైమ నా మీద చదరంగం ఆడే ప్రోగ్రాం రాసింది. నేను నిదానం. అందుకని ప్రతి ఎత్తుకూ ముందు ఎంత టైము మిగిలిందో చూసుకుని, ఆ మేరకే ఆలోచించడం దానికి నేర్పింది. ఆరు నెలలు పట్టింది.

కాలేజీలో కంప్యూటర్ చదరంగం పోటీ పెట్టారు. ఎవరి యంత్రం వాళ్లే తెచ్చుకోవాలి. గెలిచిన ప్రోగ్రాం ఒక్కటే హైదరాబాదు పోటీకి వెళ్తుంది. హైమకి అదే ఆఖరి సంవత్సరం. ఫైనల్లో ఎదుట రెండో ఏడాది చదివే వర్మ. అతని యంత్రం వేగం నాకు పదింతలు. పైగా లోపల నీలం లైట్లు.

"ఏంటి హైమా, దీనికి ఫ్యాను పెట్టావా? మధ్యలో ఊపిరాగిపోద్దేమో!"

"నీ ఆట చూసుకో వర్మా."

ఫైనల్ అంటే రెండు ఆటలు. మేం ఎత్తు చెబితే, మనుషులు పావులు జరిపి గడియారం నొక్కుతారు. ఎవరి టైము ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టే. మొదటి ఆటలో నేను పెనంలా వేడెక్కిపోయి, ఒక బంటు తక్కువై కూడా ఎలాగో డ్రా చేశాను. అప్పుడు హైమ లేచి, న్యాయనిర్ణేత కాంతం మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"మాస్టారండీ, రెండో ఆటకి రంగులు మార్చుకుంటాం కదండీ. ఎందుకండీ?"

"తెల్లకి ముందు ఎత్తు లాభం కదమ్మా. ఇద్దరికీ రావాలి."

"వేగమూ లాభమే కదండీ. పెట్టెలు కూడా మార్చుకుంటామండీ. పోటీ ప్రోగ్రాములకే కదా?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ వర్మ వైపు చూశారు. అందరి ముందూ కాదంటే వర్మకి చిన్నతనం.

"మార్చేయండి మాస్టారూ! నాది రుబ్బురోలు మీద ఎక్కించినా ఆడేస్తాది."

అలా వర్మ ప్రోగ్రాం నాలోకి వచ్చింది. చూస్తే దానికి గడియారమంటే ఏమిటో తెలియదు. ఎప్పుడైనా సరే, పద్నాలుగు ఎత్తుల లోతు చూశాకే జవాబు చెప్పాలని రాసి ఉంది. అతని యంత్రం మీద అది అర నిమిషం పని. అంత వేగం ఇంట్లో ఉన్నవాడికి టైము సంగతి ఎందుకు తోస్తుంది?

నేను అన్యాయం చెయ్యలేదు. హైమకి ఎంత కష్టపడ్డానో వర్మకీ అంతే కష్టపడ్డాను. పన్నెండో ఎత్తుకి నా ఫ్యాను పిండిమరలా అరిచింది. వర్మ గడియారం కరిగిపోతోంది.

"కానీవే, తొందరగా చెప్పవే!" అని నన్ను బతిమాలుకున్నాడు. నేను ఇంకా తొమ్మిదో లోతులోనే ఉన్నాను.

పద్దెనిమిదో ఎత్తు దగ్గర టైము అయిపోయింది. అటు హైమ ప్రోగ్రాం, కొత్త వేగం దొరికినా దుబారా చెయ్యకుండా, పదకొండు నిమిషాలు మిగుల్చుకుని కూర్చుంది.

"హైమవతి గెలిచింది!" అన్నారు మాస్టారు. హాలంతా ఈలలు. ఓడిపోయి నేను అంత సంతోషించడం అదే మొదలు.

హైమ ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హైదరాబాదు రైలెక్కింది. మాస్టారు నన్ను కాలేజీకి అడిగి తీసుకున్నారు. మరుసటి ఏటి నోటీసులో కొత్త నియమం పెట్టారు: అందరి ప్రోగ్రాములూ ఒకే యంత్రం మీద ఆడాలి. ఆ యంత్రం నేనే. నోటీసు అంటించిన రోజే ల్యాబు తలుపు తియ్యకముందు వరసలో మొదట నిలబడ్డది ఎవరనుకున్నారు? వర్మ.

"మాస్టారూ, రోజూ ఓ గంట దీన్ని నాకివ్వండి" అంటున్నాడు.