సగం మేడమ్

గదిలో నిలబడి చెబితే పూర్తి క్లాసు, ఇంట్లో కూర్చుని చెబితే సగం క్లాసు అని ప్రిన్సిపల్ తేల్చేశాడు. ఈ ఏడాది లెక్కల మేడమ్‌కి పడినవన్నీ ఆన్‌లైన్ క్లాసులే. దాంతో ఏళ్ల తరబడి చేసిన పర్మినెంటు ఉద్యోగం కాస్తా ఒక్క సంతకంతో పార్ట్‌టైమ్ అయి కూర్చుంది.

“ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చెప్పడానికి అంత కష్టమేముంది మేడమ్?” అన్నాడాయన, ఏసీ కింద కూర్చుని.

కష్టమేమిటో ఆయనకేం తెలుసు. తరగతిలో ఒకడు డౌటు అడిగితే జవాబు అరవైమందీ వింటారు. ఫోనులో అదే డౌటు అరవైమందీ విడివిడిగా అడుగుతారు. గదిలో అందరూ కలిసి చెప్పే గుడ్ మార్నింగ్‌కి ఒక్కసారి తలూపితే సరిపోతుంది. ఇక్కడ ఎవరి గుడ్ మార్నింగ్‌కి జవాబు వెళ్లకపోతే వాళ్లు అలుగుతారు. తెరమీద చూద్దామంటే పేర్లు రాసిన నల్లటి గళ్లు తప్ప ఏమీ కనపడవు. అర్థమైనవాళ్లెవరో, దుప్పటి ముసుగేసినవాళ్లెవరో దేవుడికే తెలియాలి.

ఇక అత్తగారి గోల అత్తగారిది. “పొద్దస్తమానం ఆ ఫోనేనా? కాలేజీకి వెళ్లే పని లేదుగా, కాస్త ఆ కూరలు తరగొచ్చుగా.”

మేడమ్‌కి ఒళ్లు మండింది. మర్నాడు క్లాసులో లెక్క సగం దాకా చేసి ఆపేసింది. “మిగతా సగం ప్రిన్సిపల్ సార్ చెబుతారు” అని ఆయన నంబరు ఇచ్చింది.

సాయంత్రానికల్లా ప్రిన్సిపల్ ఫోను చేశాడు. గొంతు బొంగురుపోయింది.

“ఒప్పుకున్నాను మేడమ్. ఇది సగం పని కాదు, రెండింతల పని. ఈ పిల్లలు నన్ను అన్నం కూడా తిననివ్వలేదు.”

“అయితే ఆర్డరు మారుస్తారా సార్?”

“ఎలా మారుస్తాను? రెండింతల పని సగం జీతానికే చేయిస్తున్నానని మేనేజ్‌మెంటు నన్ను తెగ మెచ్చుకుంటోంది.”

“అయితే నేనూ సగమే చెబుతాను.”

“మీ వల్ల కాదులెండి. ఇన్నేళ్లుగా చూస్తున్నాను కదా మిమ్మల్ని” అని నవ్వి ఫోను పెట్టేశాడు.

ఎందుకు కాదో చూద్దామనుకుంటూ ఆమె ఫోను బోర్లించింది. అంతలోనే అది మోగింది. ఏడాదంతా నోరు విప్పని ఓ అమ్మాయి మెసేజ్ పెట్టింది. ‘మేడమ్, మొదటిసారి నాకు ఒక లెక్క ఇంతదాకా అర్థమైంది. తర్వాత ఏం చేయాలి?’

మేడమ్ ప్రిన్సిపల్‌ని నోరారా తిట్టుకుంది. తిట్టుకుంటూనే, మిగతా సగం ఒక్క స్టెప్పు కూడా వదలకుండా టైపు చేసి పంపింది.