పైదారం

పెద్ద కుట్టుమిషన్ బిగింపు మరల జోలికి ఎవరూ వెళ్లకూడదన్నది ఆ ఇంటి చట్టం. చేసినావిడ అత్తగారు. ముందుగది నిండా గుడారపు గుడ్డలు, మోతసంచులు. వాటిని కుట్టే మిషన్‌కి ఏ బిగుతు ఎంతుండాలో ఆవిడ చేతికే తెలుసు. కోడలి పని కుట్టడం, నూనె వేయడం, నోరు మూసుకోవడం. అత్తలేని కోడలు ఉత్తమురాలని పెద్దలు ఊరికే అనలేదు.

అలాంటావిడ మెట్ల మీంచి పడింది. కాళ్లు చచ్చుబడి వెనకగదిలో మంచాన పడింది. కొడుకూ కోడలూ చెరో రెక్కా పట్టుకుని ఆవిడని చక్రాల కుర్చీలోకి మార్చేవాళ్లు. మొన్న ఓ చెయ్యి జారింది. ఆవిడ నేల మీద పడలేదు గానీ పడినంత పనైంది. అప్పట్నుంచి "నన్నెవరూ కదపకండి" అని గోడవైపు తిరిగేసింది.

కొడుకు మంచం పైన దూలానికి గొలుసుతో ఎత్తే కప్పీ బిగించాడు. మనిషి కూర్చునే పట్టీలు మాత్రం కోడలు కుట్టాలి. నైలాన్ పట్టీ రెండు పొరలు కలిపితే చెప్పు అట్టంత మందం ఉంది. లావు సూది పెట్టింది, లావు దారం ఎక్కించింది. పైన కుట్టు ముచ్చటగా పడింది. తిప్పి చూస్తే కింద అంతా ఉచ్చులే. వేలితో లాగితే ఊడొచ్చింది.

అత్త పడితే పడిందని ఎవరూ అనరు, కోడలు పడేసిందంటారు. లోకం సంగతి అలా ఉంచినా, ఆవిడ ఇంకోసారి పడితే తను తట్టుకోలేదు. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, అంతే.

తప్పు కిందే కనిపిస్తోంది కదా అని, చట్టాన్ని పక్కనపెట్టి కిందిదారం ఉండే బాబిన్ మర బిగించింది. ఉచ్చులు ఇంకా పెరిగాయి.

"ఇందాకట్నుంచి ఆగి ఆగి కుడుతున్నావు. ఏ మర తిప్పావు?" వెనకగదిలోంచి అత్తగారి గొంతు.

అబద్ధం చెబుదామనుకుంది గానీ నోరు రాలేదు. "బాబిన్‌ది, అత్తయ్యా. ఈ దారమే మంచిది కాదు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. కింద ఉచ్చులు పడితే తప్పు పైదారానిదే. అది వదులై జారిపోతుంటే కిందిదారం మాత్రం ఏం చేస్తుంది? మిషన్ పాదం దించి దారం ఎక్కించావు కదూ?"

"అవును."

"పాదం దిగి ఉంటే దారాన్ని నొక్కిపట్టే బిళ్లలు మూసుకుంటాయి. లావు దారం వాటి మధ్యకి పోదు, పైపైన తేలుతుంది. పాదం ఎత్తి మళ్లీ ఎక్కించు. బాబిన్ మర ఎప్పటిలా పెట్టి, పైన బిగించు."

"ఎంత బిగించాలి?"

"ముడి రెండు పొరల మధ్య దాక్కునేదాకా. అది చేత్తో తెలుసుకోవాల్సిందే. నిన్ను ముట్టుకోనివ్వలేదు, తప్పు నాదే."

ముక్క మీద ముక్క కుట్టి, తిప్పి చూసి, మర తిప్పుతూ పోయింది కోడలు. ఎప్పటికో రెండు వైపులా ఒకేలా పడింది. అప్పుడు అసలు పట్టీ పట్టుకుంది.

కప్పీకి తగిలించి ముందు తనే కూర్చుని చూపించింది. అత్తగారు పెదవి విరిచింది.

"నువ్వు కూర్చుంటే సాలెగూడైనా ఆగుతుంది. వాణ్ణి కూర్చోబెట్టు."

పొట్ట విషయంలో ఏ లోటూ లేని కొడుకు ఎక్కి ఊగాడు. దూలం కిర్రుమంది, కుట్టు కదల్లేదు. ఆవిడ పట్టీ అడుగున గోటితో గీసి చూసుకుంది.

"సరే, ఎత్తండి."

కళ్లు గట్టిగా మూసుకుని కోడలి చెయ్యి పట్టుకుంది. కుర్చీలో దిగాక కూడా వెంటనే వదల్లేదు.

కొడుకు కుర్చీని ముందుగదిలోకి తోసుకెళ్లి కిటికీవైపు తిప్పాడు.

"అటు కాదురా. మిషన్ దగ్గరికి."

ఆవిడ మిగిలిన పట్టీ ముక్కని పాదం కింద దూర్చి, రెండు చేతులతో సరిచేసింది. తర్వాత కిందికి చూసింది. పెడల్ పక్కన ఆవిడ కాలు ఎవరిదో అన్నట్టు పడి ఉంది. ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. కోడలికి ఏడుపొచ్చింది.

"ఏడుపు తర్వాత. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చో. చేతులు నావి, తొక్కడం నీది. మెల్లిగా."

కోడలు చెప్పు విడిచి, ఆవిడ కాలి పక్కన తన కాలు పెట్టింది.