జాడీ పాట, కోడలి గొంతు

ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో తెల్లారడమంటే వర్క్‌షాపు సైరన్ మోగడమే. అది మోగగానే బొగ్గుల పొయ్యిలు రాజుకునేవి, కుళాయి దగ్గర బిందెలు పోట్లాడుకునేవి, సైకిళ్లు వరసకట్టి డ్యూటీకి బయల్దేరేవి. సైరన్ ఆగీ ఆగగానే అప్పలనర్సమ్మ ఇంట్లో ఆవకాయ జాడీ పాట అందుకునేది.

పాటంటే మాటలున్న పాట కాదు. సైరన్ ఎక్కడ వదిలిందో అక్కణ్నించి ఆ స్వరం పట్టుకుని, నోరు మూసుకుని కూనిరాగం తీసినట్టు, ఇంట్లో అన్నం ఉడికేదాకా పాడేది. పక్క క్వార్టరు బెంగాలీ దీదీ పేచీకోరు పిల్లాణ్ని తెచ్చి జాడీ పక్కన పడుకోబెట్టి, తన వంట చూసుకోడానికి పోయేది. పూజ పందిట్లో తబలా వాయించే తవిటయ్య దసరాకి ముందు వాయిద్యం చంకన పెట్టుకుని వచ్చి, జాడీ ఎదురుగా బాసింపట్టు వేసుకుని, టకటకా కొట్టి శృతి చేసుకుపోయేవాడు. క్వార్టర్లకి సున్నం వేసే కూలీలు ఆ మూల గోడ దగ్గర మాత్రం గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

ఆ జాడీని అప్పలనర్సమ్మ అత్తగారు బొబ్బిలి నించి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. దాంతోపాటు ఒక కట్టడి కూడా తెచ్చింది. నెలనెలా ఇంటి ఆడది బయటున్న రోజుల్లో జాడీని ముట్టుకోకూడదు, అది ఉన్న గదిలోకి రాకూడదు, వీధి గుమ్మం దాటకూడదు. దాటిందో, జాడీ గొంతు పోతుంది. రైల్వే క్వార్టరంటే ఎంతని? ఒక గది, ఒక వంటిల్లు, వెనకాల రేకుల వరండా. ఆ మూడ్రోజులూ బొగ్గుల గుట్ట పక్కన చాప వేసుకుని ఆ వరండాలో పడుండాల్సిందే. అప్పలనర్సమ్మ తన ఈడంతా అలాగే పడుంది. జడివానకి తడిసింది, పుష్యమాసం చలికి ముడుచుకుంది. ఒకసారి జొరంతో మూలుగుతూ, లోపల వెచ్చగా కూచుని రాగం తీస్తున్న జాడీని విని దానిమీద ఈర్ష్య కూడా పడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఆవకాయ జాడీ మీద ఈర్ష్య ఏమిటి, వింటే నలుగురూ నవ్విపోరూ!

కోడలు స్వర్ణకుమారి ఖరగ్‌పూర్లోనే పుట్టి పెరిగిన పిల్ల. మెట్రిక్ పాసయింది. చేపలవాడితో బెంగాలీ, పాలవాడితో హిందీ, అత్తతో బొబ్బిలి తెలుగు, ఏ భాష మాట్లాడితే ఆ ఇంటి పిల్లే అనిపించేది. అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో, స్టేషన్లో రైళ్ల రాకపోకలు మైకులో చెప్పడానికి ఒక ఆడగొంతు కావాలన్నారు. వర్క్‌షాపులో ఫిట్టరు పని చేసే మొగుడు గోవిందరావు తల్లికి తెలీకుండా ఆమెచేత దరఖాస్తు పెట్టించాడు. గొంతు పరీక్షకి రమ్మని కబురొచ్చాకగానీ అప్పలనర్సమ్మకి తెలీలేదు.

తెలిశాక ఊరుకుంటుందా? ఊళ్లో మగాళ్లందరూ వినేలా గొంతెత్తి అరవడం సంసారుల పనేనా అని కొడుకుని కడిగేసింది, కోడలితో మాటలు మానేసింది. మూతి ముడుచుకుని కొన్నాళ్లుండి, తనే విసుగెత్తి దిగొచ్చింది. దిగొచ్చాక లోపల్లోపల గొప్పగా కూడా అనిపించింది. మా కోడలు చెప్తేగానీ మద్రాసు మెయిలు కదలదంట అని కుళాయి దగ్గర నాలుగు గొప్పలు పోయింది.

సరే, పరీక్ష రోజు రానే వచ్చింది. అదే రోజు కొత్తావకాయ తిరగ్గలిపే రోజు కూడా. మూడో రోజు మూత తీసి, కలిపి, ఉప్పు చూసి, పైన నూనె పోసే పని. వరసలో ఉన్న ఇళ్లన్నిటికీ తలా ఒక గిన్నెడు పంచడం ఆ ఇంటి రివాజు. అప్పలనర్సమ్మ తానం చేసి, గరిటె కడిగి ఆరబెట్టుకుంటుంటే, వెనక వరండాలోంచి స్వర్ణకుమారి గొంతు సన్నగా వినిపించింది.

"అత్తా, నాను బయటున్నాను."

దాచేస్తే ఎవరికీ తెలిసేది కాదు. చక్కగా చీర కట్టుకుని పరీక్షకి పోవచ్చు. కానీ కాపరానికొచ్చిన నాటి నించీ ఆ పిల్ల జాడీ పాటతోనే నిద్ర లేస్తోంది. తన మూలంగా దాని గొంతు పోతే మళ్లీ ఆ ఇంట్లో ఎలా తిరగను అని ఆమె భయం. చాప తనే తెచ్చుకుని, బొగ్గుల పక్కన తనే పరుచుకుంది. అప్పలనర్సమ్మ ప్రాణం ఉసూరుమంది. అయినా కట్టడి కట్టడే. ఇంకోరోజు పెట్టమని అడగరాదేటని కొడుకుని అడిగింది. పెట్టరు, ఒకటే ఉద్యోగం, ఇవాళ పదకొండింటికి రాకపోతే ఇంకొకళ్లకి పోతుంది అన్నాడు గోవిందరావు. తల్లి ముందు నోరెత్తలేని మనిషి, ఆ పూట సైరన్ మోగకముందే టిఫిను డబ్బా తీసుకుని, వెనక్కి చూసుకుంటూ సైకిలెక్కాడు.

సైరన్ మోగింది. ఆగింది. జాడీ పాడలేదు.

దీదీ పిల్లాడు పడుకున్నవాడు కాస్తా లేచి ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు. డ్యూటీకి పోతున్న తవిటయ్య సైకిలాపి కిటికీలోంచి తొంగి చూశాడు. అప్పలనర్సమ్మ పరుగున జాడీ దగ్గరికొచ్చింది. జాడీకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, కర్పూరం వెలిగించింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూతికి కట్టిన గుడ్డ విప్పి చూస్తే నూనె పైకి తేలలేదు, ముక్క కళతప్పి ఉంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదే ఇలాంటిది! ఆమెకి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"జాడీని ముట్టినావేటే?"

"నేదత్తా. గడప కూడా తొక్కనేదు."

నిజమే చెప్తోందని అప్పలనర్సమ్మకి తెలుసు. గరిటె పట్టుకుని జాడీ ముందు చతికిలబడింది. వెనక వరండాలో స్వర్ణకుమారి కళ్లు తుడుచుకుంది. ఎలాగూ పోయిన ఉద్యోగమే, పరీక్షకని నేర్చుకున్నదాన్ని ఒక్కసారి తనకి తనే చెప్పుకుందామనిపించింది కాబోలు. మద్రాసు మెయిలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో ముందు బెంగాలీలో, తరవాత హిందీలో, ఆనక ఇంగ్లీషులో, మెల్లిగా చెప్పడం మొదలెట్టింది.

లోపల జాడీ అందుకుంది.

అప్పలనర్సమ్మ ఉలిక్కిపడింది. వరండాలో మాట ఆగితే జాడీ ఆగింది.

"ఏటన్నావే ఇప్పుడు? మల్లీ అను."

స్వర్ణకుమారి బెదురుతూనే ఈసారి పూరీ పాసింజరు సంగతి చెప్పింది. జాడీ ఆ గొంతునే పట్టుకుని వెనకే వచ్చింది. ఇంకా గట్టిగా అనమంది అత్త. గట్టిగా అంటే జాడీ ఇంకా గట్టిగా పలికింది. అప్పలనర్సమ్మ లేచి వెనక తలుపు బార్లా తెరిచింది.

"లోపలికి రా."

"అత్తా, జాడీ గొంతు..."

"దాని సంగతి దాన్నే సెప్పనీ. రా."

గడప దగ్గర ఆగిపోయిన కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, ఆ చేతిని తీసి తనే జాడీ మీద పెట్టింది. పెట్టి, గట్టిగా కళ్లు మూసుకుంది. జాడీ గొంతు పోలేదు. పోవడం మాట అటుంచి, ఇన్నేళ్లుగా సైరన్ దగ్గర అరువు తెచ్చుకున్న ఆ ఒక్క స్వరమూ వదిలేసి, పైకీ కిందికీ తిరుగుతూ కొత్తగా పాడింది. నూనె ఎర్రగా అంచుదాకా తేలింది. దీదీ పిల్లాడు ఏడుపు మానేశాడు. బయట తవిటయ్య డ్యూటీ మాట మర్చిపోయి సైకిలు సీటు మీద తాళం వేశాడు.

అప్పలనర్సమ్మ మాత్రం కదల్లేదు. తడిసిన వానలన్నీ, వణికిన చలికాలాలన్నీ ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ జొరం రాత్రి కూడా గుర్తొచ్చింది. అత్త చెప్పింది, తను వింది, తను చెప్పింది, కోడలు వింది. మధ్యలో జాడీని అడిగిన నాథుడు లేడు. ఒళ్లు మండిపోయింది. ఎవరిమీద మండిపడాలో తెలీక జాడీ వీపున ఒక్క చరుపు చరిచింది.

"నోరున్నదానివే కదే. ఇన్నేళ్లలో నాకో ముక్క సెప్పనేకపోయినావా?"

జాడీ పాడుతూనే ఉంది. అప్పలనర్సమ్మకి కళ్లనీళ్లు కారిపోతున్నాయి, అందులోనే నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకోలేక కోడలి భుజం పట్టుకుని నవ్వింది. దీదీ వచ్చి చూసి, ఏమిటో అడక్కుండానే తనూ నవ్వింది.

తరవాత అంతా హడావిడే. కోడల్ని తానానికి తరిమింది, తన పెట్టెలోంచి పండగ చీర తీసిచ్చింది, తనే తల దువ్వింది. ఆవకాయ కలిపే పని దీదీ చేతిలో పెట్టి, కోడల్ని వెంటబెట్టుకుని వీధి గుమ్మంలోంచే బయల్దేరింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఎక్కడికని అడిగితే, ఉజ్జోగానికి అని ఆగకుండానే చెప్పింది. పరీక్ష గది బయట బెంచీ మీద కూచుని, లోపల కోడలి గొంతు మూడు భాషల్లో వినిపిస్తుంటే ప్రతిదానికీ తలూపింది. లోపలున్న పెద్ద ఆఫీసరు, అంతా విన్నాక కూడా, మద్రాసు మెయిలుది మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడట. పాసు చెయ్యడానికి కాదు, బాగుందని. ఉద్యోగం ఆ పూటే ఖాయమయింది.

ఆ శీతాకాలంలో అప్పలనర్సమ్మ ఆడపడుచు నూకాలమ్మ బొబ్బిలి నించి చూడ్డానికొచ్చింది. కట్టడి విషయంలో తల్లిని మించిన మనిషి. మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూచున్నప్పుడు స్వర్ణకుమారి ఇంట్లో లేదు. నూకాలమ్మ కంచం ముందు పెట్టుకుని, వెనక వరండా వైపు ఓసారి చూసి, అక్కడ చాప కనపడక, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ మూడ్రోజులూ కోడల్ని ఎక్కడ కూకోబెడతన్నావే వదినా?"

"డూటీలో," అంది అప్పలనర్సమ్మ, ఆమె కంచంలో ఆవకాయ వేస్తూ.