మాలకొండయ్య కొన్న పాలక్యాను

కోట బజారులో సియోను స్టీల్ హౌస్ నడిపే డెబోరాకు మనుషుల కంటే ముందు వాళ్ళు కొనే గిన్నెలే పరిచయమవుతాయి. పెద్ద గంజు కొంటే ఇంట్లో పెళ్ళి. బిగుతు మూతల డబ్బాలు కొంటే పిల్ల హాస్టలుకి పోతోంది. ఒక్క కంచం, ఒక్క గ్లాసు కొన్నారంటే ఇంట్లో ఎవరితోనో తగువుపడి వేరు కాపురం పెడుతున్నారన్నమాట. తండ్రి పోయాక ఆ కొట్టు భుజానేసుకుని, తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పెళ్ళిళ్ళు చేసి, తన పెళ్ళి సంగతి మరిచిపోయి యాభైకి వచ్చిందామె. ఇన్నేళ్ళలో ఆమె అంచనా ఎప్పుడూ తప్పలేదు. మాలకొండయ్య దగ్గరే తప్పింది.

మాలకొండయ్యది బుచ్చిరెడ్డిపాలెం వైపు వరి పండించే కుటుంబం. భార్య పోయాక అక్కడ ఉండబుద్ధి కాక, అన్నదమ్ములకు పొలం అప్పజెప్పి సముద్రం వైపు వచ్చేశాడు. రొయ్యల గుంటల మధ్య రేకుల షెడ్డులో చిన్న ల్యాబు పెట్టుకుని, రైతులు సీసాల్లో తెచ్చిన గుంట నీళ్ళలో ఉప్పెంతుందో, అమ్మోనియా ఎంతుందో చూసి చెబుతుంటాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయి వచ్చినట్టు ఉంటాడు.

మొదటిసారి వచ్చి పెద్ద పాలక్యాను కొన్నాడు.

"గేదెలు పెట్టుకున్నారా?" అని అడిగింది డెబోరా.

"లేదండీ. పెట్టుకుందామని."

గేదె కంటే ముందు క్యాను కొనేవాణ్ణి ఆమె అదే మొదటిసారి చూడటం. మరో వారానికి వచ్చి ఇడ్లీ పాత్ర కావాలన్నాడు. తీసి ఇస్తే లోపలి ఇడ్లీ రేకులు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి వద్దండీ."

"రేకుల్లేకుండా ఇడ్లీలు ఎట్టా పోస్తారు?"

"ఇడ్లీలకి కాదండీ. జలుబుకి. ఆవిరి పట్టుకుందామని."

ఆ పాత్రలో ఆవిరి పట్టాలంటే మనిషి నడుం దాకా దిగాలి. అయినా డెబోరా కట్టిచ్చింది. మూడోసారి వచ్చి పాత్రలు తోముకునే స్టీలు పీచు పెట్టెడు కావాలన్నాడు.

"అంత పీచుతో ఏం తోమతారండీ?"

"పాలక్యాను."

"గేదె ఇంకా రాలేదు కదా!"

మాలకొండయ్య తల గోక్కుని పీచు పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమంతా ఆమెకు వ్యాపారం మీద ధ్యాస నిలవలేదు. క్యాను, రేకుల్లేని ఇడ్లీ పాత్ర, పీచు. ఈ మూడూ కలిసి ఏమవుతాయి? పంపు కింద బిందె నిండి పొర్లుతున్నా ఆమె చూస్తూనే నిలబడింది.

నాలుగోసారి క్యాను మూత ఒక్కటే చేతిలో పట్టుకుని వచ్చాడు. "దీనికి బెజ్జం పెట్టి, ఇంత లావు గొట్టం నిట్టనిలువుగా అతికించేవాళ్ళు తెలుసాండీ మీకు?"

డెబోరా గల్లాపెట్టె మీదుగా ముందుకు వంగి గొంతు తగ్గించింది. "కొండయ్య గారూ, మీరు సారా కాయబోతన్నారా?"

మూత ఆయన చేతిలోంచి జారింది. నేల మీద ఖంగుమని, అంచు మీద నిలబడి, మెట్లు దిగి రోడ్డెక్కింది. వాకాడు బస్సు కీచుమంటూ ఆగింది. దాని ముందు మూత గిర్రున తిరిగి తిరిగి, ఊరంతా వినబడేట్టు మోగి, ఎప్పటికో పడుకుంది. డ్రైవరు తల బయటపెట్టి మాలకొండయ్య వంశాన్ని తలుచుకున్నాడు. మాలకొండయ్య వెళ్ళి మూత తెచ్చుకుని, చొక్కాతో తుడిచి, ఆమె ఎదుట నిలబడి అన్నాడు. "అవునండీ."

డెబోరా తండ్రి హార్మోనియం మెడకు తగిలించుకుని పల్లె పల్లె తిరిగి తాగుడు మానమని పాటలు పాడినవాడు. పిన్నమ్మ కొడుకు క్రీస్తురాజు ఎక్సైజులో హెడ్ కానిస్టేబులు. అటువంటి ఇంటి మనిషి మాలకొండయ్యను చీపురు తిరగేసి తరమాలి. కానీ ఆ 'అవునండీ' వినగానే ఆమెకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పమిట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. స్టూలు మీద కూలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన బిక్కమొహం వేసుకుని కాసేపు చూసి, చివరికి తానూ నవ్వాడు.

"అమ్మడానికా?" అంది ఊపిరి తీసుకుని.

"అయ్యో, కాదండీ."

"తాగడానికా?"

"ఒక్క గుక్కకే నాకు కళ్ళు తిరగతాయి."

"మరెందుకయ్యా?"

ఆయన సుద్దముక్క అడిగి తీసుకుని కొట్టు గచ్చు మీద కూర్చున్నాడు. క్యాను గీశాడు, దాని నెత్తిన గొట్టం గీశాడు, గొట్టం నిండా పీచు గీశాడు, పక్కన చల్లనీళ్ళకి ఇడ్లీ పాత్ర గీశాడు. "కొన్ని దేశాల్లో ఇది సరదాగా ఇళ్ళల్లో చేసుకుంటారండీ. చట్టం ఒప్పుకుంటది. వాళ్ళ వీడియోలు చూసి చూసి నాకు నిద్ర పట్టడం లేదు. ఇదిగో, ఆవిరి పైకి లేస్తది. పీచుకి తగిలి చల్లబడి కొంత కిందకే పడిపోద్ది. మళ్ళీ వేడెక్కి లేస్తది. పడతా లేస్తా, పడతా లేస్తా, బరువుదంతా అడుగున ఉండిపోయి, తేటది ఒక్కటే ఈ మలుపు దాటుద్ది. అది దాటతా ఉంటే ఒక్కసారి చూడాలని, అంతే."

ఆమె వంగి ఆ సుద్దగీతల వంక చాలాసేపు చూసింది. తరువాత ఆయన చేతిలోంచి సుద్దముక్క లాక్కుంది.

"ఇడ్లీ పాత్ర అల్యూమినియం. ఇక్కడి ఉప్పునీళ్ళకి అది పనికిరాదు, తెచ్చి నాకిచ్చేయండి, స్టీలుది ఇస్తా. ఇక్కడ మూతకి రబ్బరు పెడతారా? కుక్కరు రబ్బరు వాసన అన్నంలోకే ఎక్కుద్ది, దీంట్లోకి ఎక్కదా? గోధుమపిండి ముద్ద చేసి చుట్టూ అద్దండి. గొట్టం లోపల అతుకు గరుకుగా ఉండకూడదు. నాకు తెలిసిన వెల్డరు నాయుడుపేటలో ఉండాడు, నేను తీసకపోతా."

అట్లా మొదలైంది. ఇక ఆమెకు గిన్నె కనబడితే చాలు, నెత్తిన గొట్టం కనబడేది. టీ మరుగుతుంటే మూత పెట్టి, తీసి, దాని లోపలివైపు చెమట ముత్యాలను చూస్తూ టీ సంగతి మరిచిపోయేది. ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు, యాకోబు కలలో ఆకాశానికి వేసి కనబడిన నిచ్చెన గురించి ప్రసంగం చేశారు. దేవదూతలు ఎక్కుచు దిగుచు ఉండిరి అని ఆయన చదవగానే డెబోరాకు నిచ్చెన నిండా స్టీలు పీచు కనబడింది. కిసుక్కుమంది. అయ్యగారి భార్య తిరిగి చూస్తే దగ్గు నటించి పాటల పుస్తకం అడ్డం పెట్టుకుంది.

అంతా అతికించాక ముందు వట్టి నీళ్ళతో చూడాలని ఆమె పట్టుబట్టింది. మరుసటి ఆదివారం ఆరాధన కాగానే, తెల్లచీర మార్చుకోకుండానే స్కూటీ వేసుకుని గుంటల దగ్గరికి పోయింది. నిప్పుతో పని లేకుండా మాలకొండయ్య కరెంటు పొయ్యి పెట్టాడు. నీళ్ళు కాగాయి. మూత చుట్టూ పిండిముద్ద పగిలి ఆవిరి బుస్సుమంది. ఆమె మోచేతుల దాకా పిండితో, "అటు పక్క! అటు పక్క!" అని అరుస్తూ క్యాను చుట్టూ తిరిగింది. ఆయన తడిగుడ్డతో ఇంకోవైపు నుంచి తిరిగాడు. తలలు డీకొన్నాయి. పిండి మళ్ళీ మెత్తారు. గొట్టం పైకంటా వేడెక్కింది. మలుపు దాటి, చల్లనీళ్ళలో మునిగిన సన్న గొట్టంలోంచి ఒక చుక్క వేలాడింది, ఊగింది, గ్లాసులో పడింది.

గ్లాసు నిండాక మాలకొండయ్య దాంట్లో తన కొలత గాజుగొట్టం ముంచి చూశాడు. "నీళ్ళేనండీ!"

"నీళ్ళే!" అంది డెబోరా, ఎన్నడూ నీళ్ళు చూడనట్టు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. వెంటనే వదలాలని ఇద్దరికీ తోచలేదు.

అసలు పని ఎండాకాలం చివర్లో జరిగింది. మాలకొండయ్య స్నేహితుడి తోటలో అమ్ముడుపోని సపోటాలు, తాటిబెల్లం కలిపి డ్రమ్ములో పులియబెట్టారు. దానికి చెవి ఆనిస్తే లోపల గుసగుసలాడుతున్నట్టుంది. డెబోరా ఒకరోజు కొట్టు మధ్యలో మూసేసి మరీ వచ్చి చెవి పెట్టి విని పోయింది. సాయంత్రం పూట క్యాను నింపి, మూత బిగించి, షెడ్డు తలుపు వేసి కూర్చున్నారు.

మొదట వచ్చినదాన్ని ఆయన ముట్టనివ్వలేదు. "ఇది విషమండీ, ముక్కు మండే వాసన చూడండి," అంటూ వేరే సీసాలోకి పట్టి పక్కన పెట్టేశాడు. ఆ ఘాటు పోయింది. ఒక్కసారిగా షెడ్డంతా సపోటా. రొయ్యల మేత వాసన, బ్లీచింగు వాసన, ఉప్పుగాలి వాసన, అన్నిటినీ తోసేసి పండిన సపోటా. చుక్క వెనక చుక్క, తేటగా.

డెబోరా చిటికెనవేలు పెట్టి, కళ్ళు మూసుకుని, నాలుకకి రాసుకుంది. ముందు నిప్పు. తరువాత పండు. చెవులు వేడెక్కాయి. "ప్రభువా," అంది మెల్లగా. "కొండయ్య గారూ, దాటింది!"

అప్పుడే నేల అదిరింది.

ముందు అల్మారాలో గాజుసీసాలు గణగణలాడాయి. తరువాత పైకప్పు రేకులు దడదడ కొట్టుకున్నాయి. గొట్టం వణికింది. ఎక్కడో అడుగునుంచి ఉరుములాంటి మోత పెరుగుతూ వచ్చింది.

"పేలిపోతా ఉంది!" అని డెబోరా ఆయన చెయ్యి పట్టి లాగింది. ఆయన లాగబడుతూనే మరో చేత్తో స్విచ్చి కట్టేశాడు. ఇద్దరూ తలుపు తన్నుకుని బయటపడి, గట్టు మీద పరుగెత్తి, తడిమట్టి మీద కాలు జారి, చేయీ చేయీ పట్టుకునే రొయ్యల గుంటలోకి పోయారు. నీళ్ళు నడుముల దాకా వచ్చాయి. చుట్టూ రొయ్యలు టపటపా ఎగిరాయి. ఒకటి మాలకొండయ్య జేబులో పడింది.

డెబోరా కళ్ళూ చెవులూ మూసుకుని ఎదురుచూసింది. ఏమీ పేలలేదు. కళ్ళు తెరిస్తే దూరంగా గట్ల మీద గుంటల కాపలావాళ్ళంతా నిలబడి, సెల్‌ఫోన్లు పైకెత్తి దక్షిణం వైపు చూస్తున్నారు. ఆకాశంలో తెల్లటి పొగచార ఒకటి సముద్రం మీదుగా వంగుతూ పోతోంది.

"శ్రీహరికోట," అన్నాడు మాలకొండయ్య నోరు తెరుచుకుని. "ఇయ్యాల రాకెట్టు కదండీ!"

అంతే. నీళ్ళలో నిలబడే ఆమె నవ్వు మొదలుపెట్టింది. ఆయన జేబులోంచి రొయ్యని తీసి చూపించేసరికి ఆ నవ్వు రెట్టింపయ్యింది. ఒకరి భుజం ఒకరు పట్టుకోకపోతే ఇద్దరూ మునిగేవాళ్ళే.

"అక్కా?"

గట్టు మీద క్రీస్తురాజు. సెలవు పెట్టి అత్తగారి ఊరు పోతూ, రాకెట్టు చూడటానికి రోడ్డు మీద బండి ఆపాడు. రాకెట్టు చూస్తూ చూస్తూ కిందికి చూస్తే, గుంటలో ఎవరో మగమనిషి భుజం పట్టుకుని తన అక్క. యూనిఫాం లేకపోయినా మీసం డ్యూటీలోనే ఉంది.

"గుంటలో ఏం చేస్తన్నావక్కా? ఎవరీయన?"

ఆ క్షణంలో డెబోరా నోటికి వంద అబద్ధాలు అందాయి. ఒక్కటీ నచ్చలేదు. "నేను చేసుకోబోయే ఆయన," అంది.

మాలకొండయ్య వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు. "నేనాండీ?" అన్నాడు.

"కాదా?"

"అవునవునవును!" అన్నాడాయన, ఎక్కడ మాట వెనక్కి తీసుకుంటుందోనని గబగబా.

క్రీస్తురాజు చెయ్యి ఇచ్చి ఇద్దరినీ పైకి లాగాడు. ఏదో అడగబోయి ఆగాడు. ముక్కుపుటాలు అదిరాయి. గాలి షెడ్డు వైపు నుంచి వీస్తోంది. వాసన పట్టుకుంటూ లోపలికి నడిచాడు. వెనకే ఇద్దరూ నీళ్ళోడుతూ వెళ్ళారు.

తన సర్వీసులో క్రీస్తురాజు పగలగొట్టిన సారా బట్టీలకు లెక్క లేదు. మసిపట్టిన కుండలు, సైకిలు ట్యూబులు, ఎలుకలు పడి చచ్చిన డ్రమ్ములు చూసినవాడు. ఇప్పుడు అద్దంలా మెరిసే క్యాను చుట్టూ మెల్లగా తిరిగాడు. గొట్టం వేలితో తట్టాడు. అతుకు తడిమాడు.

"ఎవరు చేసినారు దీన్ని?"

"ఇద్దరం," అంది డెబోరా. ఆమె గొంతులో భయం ఉండాల్సిన చోట గర్వం పలికింది.

"అమ్మినారా?"

"లేదురా."

"ఎవరికన్నా పోసినారా?"

"నా చిటికెనవేలుకి."

క్రీస్తురాజు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వీపు అదురుతోంది. కోపమేమో అనుకున్నారు. తిరిగినప్పుడు మీసం కింద పెదవులు బిగబట్టుకుని ఉన్నాడు. "అక్కా, ఇక్కడ ఇది నేరం. కుండలో కాసినా, స్టీలులో కాసినా ఒకటే. ఇప్పుడే, నా కళ్ళముందే పారబోయండి. చుక్క మిగలకూడదు."

పారబోశారు. డ్రమ్ము ఒరిగించి ఇసుకలో పోశారు, క్యాను పోశారు. చివరికి ఆ గ్లాసు మిగిలింది. మాలకొండయ్య దాన్ని వెలుగుకెత్తి ఒకసారి చూసుకుని ఆమె చేతికిచ్చాడు. డెబోరా పోసింది. ఇసుక తాగేసింది. గట్టంతా సపోటా వాసన.

"మళ్ళీ దీంట్లో సారా కాస్తే కేసు రాస్తా," అన్నాడు క్రీస్తురాజు బండెక్కుతూ. "అక్కవని చూడను. బావని కూడా వదలను."

బావ! ఆ మాట విని మాలకొండయ్య తడిసిన చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. డెబోరా పమిట నోట్లో కుక్కుకుంది. బండి మలుపు తిరిగేదాకా ఓపిక పట్టారు, ఆ తరువాత పట్టలేదు.

గుడిలో నాలుగు మాటలు అన్నారు, బుచ్చిరెడ్డిపాలెంలో ఆరు అన్నారు. అయ్యగారు వచ్చి చాలాసేపు మాట్లాడి, కాఫీ తాగి, దీవించకుండా, తిట్టకుండా వెళ్ళారు. వానలు పడ్డాక రిజిస్టరు ఆఫీసులో పెళ్ళయింది. క్రీస్తురాజు యూనిఫాంలోనే వచ్చి సాక్షి సంతకం పెట్టాడు. బయటికి రాగానే అందరినీ బిర్యానీకి పిలిచాడు.

"మీరు పోయి తినండి, మేం తరవాత వస్తాం," అంది డెబోరా. సముద్రపు ఒడ్డున మొగలిపొదలు ఆ వారమే పూతకొచ్చాయి. తెల్లవారగానే కోయించిన పూలు షెడ్డులో బుట్టల్లో ఉన్నాయి. మధ్యాహ్నం దాటితే వాసన దిగిపోతుంది. అదే క్యానులో పూలనీళ్ళు తీయొద్దని ఏ చట్టమూ అనలేదని క్రీస్తురాజునే అడిగి తెలుసుకున్నారు.

పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మెడలో దండ తీయకుండానే ఆమె స్కూటీ ఎక్కింది. వెనక మాలకొండయ్య, ఒళ్ళో గోధుమపిండి పొట్లం పెట్టుకుని కూర్చున్నాడు.

"గట్టిగా పట్టుకోండి," అంది డెబోరా.

"పొట్లమాండీ?"

"నన్ను!"