వేళ్ళకు వచ్చిన మార్కు

ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచి చాలా కాలమైంది. చిన్నతనంలో ఎప్పుడో పాలగ్లాసు చేజార్చినందుకు అన్నగారు "పరధ్యానం" అన్నాడు. ఆ మాట అలాగే అంటుకుపోయింది. నలభై దాటిన మనిషిని, కట్టుడు పళ్ళు చేసే కార్ఖానాలో సగం పని మోసే మనిషిని, "పరధ్యానమా, ఆ మైనం ఇలా అందుకో" అని పిలవడంలో తప్పు ఉందని అక్కడ ఎవరికీ తోచలేదు. నింద ముద్దుపేరుగా మారిన తరువాత దాని మీద విచారణ జరిపేవారు ఉండరు.

కార్ఖానా ఇంటి కింది అంతస్తులోనే. దంతవైద్యులు పంపిన నోటి అచ్చులు చెక్క అరల మీద వరసగా ఉంటాయి. వాటికి అమరేలా ఒక్కొక్క పన్నునూ ముందు మైనంలో చెక్కడం అన్నాచెల్లెళ్ళ పని. అన్నగారి చేతిలో దంతం అలవోకగా రూపు కట్టేది. ఆమె చేతిలో అదే దంతం రెండు మూడుసార్లు పాడై, ఆ తరువాత కుదిరేది. మధ్యలో ఒకసారైనా నేల మీద పడేది. పడ్డప్పుడల్లా అన్నగారు తల ఎత్తకుండానే అనేవాడు.

"మనసు ఎక్కడ పెట్టుకుని కూర్చుంటావే?"

మనసు మైనం మీదే ఉండేది. అయినా పడేది. పదే పదే విన్న మాట కనుక, తనలో ఏదో బద్ధకం దాగి ఉందని చివరకు ఆమె కూడా నమ్మింది. అసలు అన్యాయం అక్కడ జరిగింది.

మాట తడబడేవారికీ, జబ్బు చేసి మాట పోగొట్టుకున్నవారికీ తిరిగి మాట్లాడడం నేర్పే చికిత్స ఒకటి ఉంది. ఆ చదువులో ఇప్పుడు ఆమెకు సీటు వచ్చింది. చేరేదీ లేనిదీ నెలాఖరులోగా చెప్పాలి.

"ఇన్నేళ్ళుగా చేతిలో ఉన్న పనే శ్రద్ధగా చెయ్యలేకపోయావు, అక్కడికెళ్ళి రోగుల్నేం ఉద్ధరిస్తావు?" అన్నాడు అన్నగారు. "పరధ్యానం ఎక్కడికెళ్ళినా పరధ్యానమే."

నిజమేనేమో అని ఆమెకు లోలోపల భయం. గ్లాసు చేజారితే పాలు పోతాయి. రోగి విషయంలో అశ్రద్ధ చేస్తే? ఏ పని మనిషికి సహజంగా అబ్బుతుందో కొలిచే ఆప్టిట్యూడ్ పరీక్ష ఉందని విని, అందుకే పేరిచ్చింది.

పరీక్ష అన్న మాట చెవిన పడగానే ఇల్లు కోచింగ్ సెంటరైపోయింది. మేనకోడలు బజారు నుంచి మోడల్ పేపర్లు మోసుకొచ్చింది. పట్టకారుతో గుండుసూదులు ఎత్తి కన్నాల్లో దింపే పరీక్ష కూడా ఉంటుందని వదిన ఎవరి ద్వారానో విన్నది. పిండి జల్లెడ బోర్లించి, వారమంతా ఆడపడుచు చేత సాధన చేయించింది.

"అత్తా, సూదిని చూడకు, కన్నాన్ని చూడు. ఫస్టు రావాలి మరి!"

"ఇందులో ఫస్టులూ సెకండ్లూ ఉండవే."

"మరి ఎందుకు రాయడం?" అంది మేనకోడలు, నిజంగానే అర్థం కాక.

"నోరు మూసుకుని సూదులు అందించు," అంది వదిన.

పరీక్ష గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. పరీక్ష పెట్టే ఆవిడ నెరిసిన జుట్టును బిగించి ముడి వేసుకుని, అవసరానికి మించి ఒక్క మాటైనా మాట్లాడకుండా పని జరిపింది. చెక్క ముక్కలు పేర్పించింది, అంకెలు గుర్తుపెట్టుకోమన్నది. ఆ తరువాత ఒకే స్వరవరసను రెండుసార్లు వినిపించి, రెండోసారి ఏ స్వరం మారిందో చెప్పమన్నది. వరసలు పొడవవుతున్నకొద్దీ ఆమెకు సరదా పుట్టింది. బిగబట్టుకున్న భుజాలు వాటంతట అవే సడలాయి.

చివరన సూదులు వచ్చాయి. జల్లెడ మీద చేసిన సాధనంతా ఏ గంగలో కలిసిందో గాని, మొదటి సూది కన్నం పక్కన పడింది. రెండోది నేల మీద పడింది.

"క్షమించండి. పరధ్యానం," అంది ఆమె, అలవాటుగా.

"ఏమన్నారు?"

"ఏం లేదండి. మా ఇంట్లో నా పేరు."

ఆవిడ నవ్వలేదు. నవ్వనందుకు ఆమెకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

ఫలితాలు చెప్పే రోజున "నేనూ వింటా" అంటూ అన్నగారు వెంట వచ్చాడు. ఆవిడ కాగితం ఇద్దరి ముందూ పరిచింది.

"వేళ్ళ నేర్పులో మీ చెల్లెలిది దాదాపు అట్టడుగు మార్కు."

అన్నగారి ముఖం వెలిగిపోయింది. "నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది అదేనండీ! శ్రద్ధ లేదు."

"శ్రద్ధను ఈ పరీక్ష కొలవదు," అందావిడ. "ఈమె పద్దెనిమిదేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నట్టు దరఖాస్తులో ఉంది. ఆ పళ్ళు బాగాలేవని డాక్టర్లు ఎప్పుడైనా వెనక్కి పంపారా?"

అన్నగారికి ఎన్ని దుర్గుణాలున్నా అబద్ధమాడే గుణం లేదు. మెడ గోక్కున్నాడు. "వెనక్కి అంటే... దీనివి రాలేదండి. నావే, అప్పుడప్పుడు..."

"మీ చేయి చకచకా నడుస్తుంది కాబోలు."

"మా నాన్న చెయ్యేనండీ నాది."

"ఈమెకు ఆ చేయి రాలేదు. ఇలాంటి వేళ్ళతో ఇలాంటి పనికి దిగినవాళ్ళు తొందరగానే మానేస్తారు. ఈమె పద్దెనిమిదేళ్ళు చేసింది, ఒక్క పన్నూ వెనక్కి రాకుండా. వేళ్ళలో లేనిదాన్ని దేనితో పూడ్చుకుందో మీరే చెప్పండి."

అన్నగారు నోరు తెరిచాడు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అది శ్రద్ధ అన్న మాటే కనుక బయటికి రాలేదు. అతను తన గోళ్ళలో ఇరుక్కున్న మైనాన్ని చూసుకుంటూ ఉండిపోయాడు.

ఆమె కాగితం మీది ఆ మార్కును వేలితో తడిమింది. అన్నిటికన్నా తక్కువది. ఫస్టు వచ్చినవాళ్ళు కూడా తమ మార్కును అంత కృతజ్ఞతతో చూసుకుని ఉండరు. పాలగ్లాసు నాటి నుంచి నడుస్తున్న కేసులో అది ఆమెను నిర్దోషి అని తేల్చింది.

"చెవి మాత్రం చాలా పై మెట్టులో ఉంది," అందావిడ.

"అది నిజమేనండీ," అన్నాడు అన్నగారు నెమ్మదిగా. "కొత్త పళ్ళు సరిచేయించుకోవడానికి మా దగ్గరికొచ్చినవాళ్ళు నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, మాటలో ఈల వినబడుతోందనీ, ఫలానా పన్ను వెంట్రుకవాసి ముందుకొచ్చిందనీ ఇదే చెబుతుంది. ఆ తర్వాతే నేను అరగదీస్తాను." ఇన్నేళ్ళుగా తాను దేని మీద ఆధారపడ్డాడో అప్పుడే తెలిసినట్టు ఆగిపోయాడు.

"అయితే చేరమంటారా?" అని అడిగింది ఆమె.

"ఆ మాట నేననను. మీకు ఏది తేలికో కాగితం చెబుతుంది. ఏది చెయ్యాలో మీరు చెప్పాలి."

"చేరతాను," అంది ఆమె. అంత సూటిగా వచ్చిన తన మాటకు తనే ఆశ్చర్యపోయింది. రెండు చేతులూ జోడించి ఆవిడకు నమస్కరించింది. మెట్లు దిగుతూనే కళాశాలకు ఫోన్ చేసి అదే మాట చెప్పింది.

గుమ్మంలోనే వదిన ఎదురైంది. "ఏమైంది? పాసా?"

"సూదుల్లో ఫెయిల్ వదినా," అంది ఆమె, నవ్వు ఆపుకోలేక.

"జల్లెడ పరువు తీశావు కదత్తా!" అంది మేనకోడలు.

మధ్యాహ్నం మళ్ళీ బల్ల ముందు కూర్చుంది. చెక్కవలసిన పళ్ళు ఇంకా ఉన్నాయి. తన వేళ్ళను ఒకసారి చూసుకుంది. తమకు రాని పనిని ఎదురు చెప్పకుండా ఇన్నేళ్ళు చేశాయి, పాపం. కత్తి అందుకుంది. కాసేపటికి మైనపు దంతం చేజారి బల్ల కిందికి దొర్లింది.

"పర..." అన్నాడు అన్నగారు. మిగిలినది మింగేశాడు. స్టూలు వెనక్కి జరిపి, మోకాళ్ళ మీద వంగి, బల్ల కింద వెతికి దంతాన్ని తీశాడు. దుమ్ము ఊది ఆమె అరచేతిలో పెట్టాడు.

"తొందరేం లేదు. నిదానంగానే చెక్కు," అన్నాడు. తిరిగి కూర్చున్నాక గొంతు సవరించుకున్నాడు. "అవునే, నువ్వెళ్ళాక ఈలలు వినేదెవరు?"

"సాయంత్రాలు వచ్చి వింటాలే అన్నయ్యా. నువ్వు కాస్త శ్రద్ధగా చెక్కితే ఆ అవసరమూ ఉండదు."

అన్నగారు తల వంచుకునే నవ్వాడు. చేతిలోని కత్తిని కాస్త నిదానంగా కదిలించాడు.