రాలిన పండు

ముసునూరు పక్కన చలపతిరావు గారి మామిడితోటలో ఒక కట్టుబాటు ఉంది. తనంతట తాను రాలిన పండు కూలీలది, చెట్టు మీదున్నది ఆసామిది. ముప్పై ఏళ్లు ఆ తోటకు కాపలా ఉన్న మల్లయ్య ఈ విషయంలో పెళ్లాన్ని కూడా నమ్మేవాడు కాదు. గోవిందమ్మ ఒడిలో పండు కనిపిస్తే చాలు, తొడిమ దగ్గర బొటనవేలితో తడిమేవాడు. పండి రాలినదానికి అక్కడ పొడిగా ఉంటుంది. పచ్చిగా తెంపినదైతే సొన కారి నల్లటి మచ్చ పడుతుంది.

ఇప్పుడా మల్లయ్య మంచం దిగలేడు. ఆసుపత్రివాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆయన నోరు తెరిచి అడిగింది ఒక్క చిన్నరసం పండు. ఈ ఏడు కాపు ఆలస్యం, ఒక్కటీ రాలలేదు. పోయి ఆసామిని అడగొచ్చు. కానీ ఎవరినీ ఏదీ అడగని మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసిన గోవిందమ్మకు నోరు రాలేదు. కోతలు మొదలైన రోజు ఎవరూ చూడకుండా కాయలు కోసే చిక్కం కర్రతో కొమ్మను తట్టింది. పడిన కాయను వరిగడ్డిలో మాగేసింది.

ఐదో రోజు పండు ఆయన చేతిలో పెట్టింది.

"రాలిందేనా?"

"రాలిందేనయ్యా."

బొటనవేలు తొడిమ దగ్గరికి పోయి ఆగింది. అంతలో పలకరించడానికి చలపతిరావు గారు వచ్చారు. పండు చూశారు.

"అప్పుడే రాలుతున్నాయేంటి మల్లయ్యా?"

"రాలిందేనండి," అన్నాడు మల్లయ్య.

గోవిందమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన నోట అబద్ధం వినడం అదే మొదలు.

ఆసామి బయటికి వెళ్లగానే మల్లయ్య పండు పక్కన పెట్టేశాడు. "నీ కోసం అబద్ధమైతే ఆడాను గానీ, ఇది నా గొంతు దిగదే."

అంతవరకూ పాపం తనొక్కదానిదే అనుకుంది పిచ్చిది. పండు తీసుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తింది. చలపతిరావు గారు బండి స్టార్ట్ చేస్తున్నారు.

"నేనే రాల్చానండి. ఆయన నన్ను కాయడానికి అబద్ధమాడాడు."

ఆయన బండి ఆపేశారు. తర్వాత పండు ఆమె చేతిలోనే ఉంచి, "ఇది నేనిచ్చానని చెప్పు. అడిగితే బుట్టెడు పంపేవాణ్ణి కదమ్మా," అన్నారు.

ఆ మాటే వచ్చి చెప్పింది. మల్లయ్య ఆమె ముఖంలోకి చూశాడు.

"నా అబద్ధం సంగతి కూడా చెప్పావా?"

తిడతాడనుకుంది. "చెప్పానయ్యా."

"అయితే రసం పిండవే," అని మల్లయ్య నోరు తెరిచాడు.