పాట సగంలో కీ

గంగక్క తల మీద జుట్టు ఇంకా వేలెడు కూడా పెరగలేదు. హోసూరు బస్టాండు వెనక ఆమె నడిపే మెస్‌కు ఆంధ్రా నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళే ఎక్కువ. మొదట్లో వాళ్ళు నవ్వు ఆపుకోలేక ప్లేట్లలోకి తలలు దూర్చి తినేవాళ్ళు. ప్రసాదు ఒక్కడే నోరు పట్టలేక అడిగేశాడు.

"ఏంటి పిన్నిగారూ, తిరుపతి మొక్కా?"

"తిరుపతికి యాడ పోతానప్పా నేను? డెంకణికోట బేటరాయస్వామికి ఇచ్చినాను. మా తమ్ముళ్ళిద్దరూ కలిసిపోయినారు."

అతను అడక్కుండానే ఇంకో గరిటె పప్పు పోసింది. ఆ రోజుల్లో ఎవరికి పడితే వాళ్ళకు పప్పు ఎక్కువే పోసేది.

తమ్ముళ్ళ సంగతి తెలియాలంటే ముందు పాటపెట్టె సంగతి తెలియాలి. వాళ్ళ తాత ఒకప్పుడు హోసూరులో సర్కారు గుర్రాలను చూసుకునే తెల్లదొర ఒకాయన దగ్గర పనిచేశాడు. దొర ఇంగ్లండుకు వెళ్ళిపోతూ తన పాటపెట్టెను ఆయనకు ఇచ్చేసి పోయాడు. గ్రామఫోను కాదది, దానికి పెద్దక్క. దీనికి పళ్ళెం ఉండదు, లోటాలాగా బోలుగా ఉన్న మైనపు గొట్టం ఉంటుంది. ఉన్న పాట వినిపించడమే కాదు, బూర ముందు కూర్చుని పాడితే ఆ మైనం మీదే సన్నగా గీత గీసి కొత్త పాటను పట్టుకునేది కూడా. దొర ఇక్కడున్న రోజుల్లోనే, తాతకు కొత్త పెళ్ళికూతురిగా ఇంటికొచ్చిన అవ్వను ఆయన సరదాపడి బూర ముందు కూర్చోబెట్టాడు. అవ్వ రాగులు విసిరేటప్పుడు పాడుకునే పాట పాడింది. పాట ముగిసినా గొట్టం తిరుగుతూనే ఉంటే, "అయిపాయనా?" అని అడిగి నవ్వింది. ఆ మాటా, ఆ నవ్వూ కూడా మైనంలో పడ్డాయి.

తల్లి చిన్నతనంలోనే పోతే గంగక్కనూ, తమ్ముళ్ళిద్దరినీ పెంచి పెద్ద చేసింది ఈ అవ్వే.

పెట్టె లోపల ఒక ఇనప డబ్బా, ఆ డబ్బాలో చుట్టలు చుట్టుకుని పడుకున్న ఉక్కు పట్టీ. పిడి తగిలించి కీ ఇస్తే పట్టీ బిగుసుకుంటుంది. వదిలితే మెల్లగా విచ్చుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే గిర్రున తిరిగి పాట కాస్తా కోతికూతలైపోదూ? అందుకే లోపల మూడు సీసపు ఉండలున్నాయి. వేగం హద్దు మీరితే అవి విసురుకు పక్కలకు లేచి, ఒక ఇత్తడి బిళ్ళను తోలుముక్కకు ఆనించి, పరుగును అదుపులో పెడతాయి. మూత మీద చెయ్యి పెడితే ఆ ఉండల గుర్రు అరచేతికి తెలుస్తుంది. గంగక్కకు ఆ గుర్రు లేకుండా అవ్వ పాటే లేదు.

తాత కాలంలోనే ఎవరో ఆత్రగాడు అతిగా బిగించి ఆ పట్టీని తెంచిపెట్టాడు. డెంకణికోట కమ్మరి విరిగిన కొస కోసేసి, మిగిలినదాన్ని కాల్చి, కొత్తగా చిల్లు పొడిచి మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. బాగానే ఉంది గానీ పట్టీ పొట్టిదైపోయింది. అప్పటినుంచీ ఒక్క కీతో పాట పూర్తి కాదు. సగం దాటగానే అవ్వ గొంతు బరువెక్కుతుంది. పెళ్ళికూతురు గొంతు ముసలి గొంతవుతుంది, ఆపైన మగగొంతవుతుంది, చివరికి మూలుగై ఆగిపోతుంది. ఆ బరువు మొదలవుతున్న క్షణంలోనే, సూది అదరకుండా, పాట కుదుపు తినకుండా, మళ్ళీ కీ ఇవ్వాలి. ఆ ఒడుపు ఇంట్లో ఒక్క గంగక్క చేతికే దొరికింది.

"నా బిడ్డ చెయ్యి పడితేనే నాకు మళ్ళా వయసొచ్చేది," అనేది అవ్వ, తన పాట తానే వింటూ.

అవ్వ పోయిన చాలా ఏళ్ళకు భూములు పంచేటప్పుడు మేనమామ చెన్నప్ప పాటపెట్టెను కూడా పంచాడు. ఎలా పంచాడంటే, ముక్కలు ముక్కలుగా! పెట్టే, మైనపు గొట్టమూ పెద్దతమ్ముడు జయరామప్పకు. బూరా, దానికి తగిలించే సూదిబిళ్ళా చిన్నవాడు మంజుకు. కీ ఇచ్చే పిడి గంగక్కకు.

"ముగ్గురూ ఒక తావ చేరితే మీ అవ్వ మాట్లాడతాది. చేరకుంటే లేదు. ఇంక మీ ఇష్టం," అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడాయన.

పాట పెట్టిన ప్రతిసారీ సూది కింద మైనం కొంత అరిగిపోతుంది. అందుకని ఏడాదికి ఒక్కసారే, పెద్దల అమావాస్య నాడు, గంగక్క ఇంట్లో పెట్టుకునేవాళ్ళు. ఆమె ఇంట్లోనే ఎందుకంటే, బోరుబావి గొడవ వచ్చాక అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అమావాస్య నాడు కూడా ఒకడు ఒక బస్సులో దిగితే ఇంకొకడు ఇంకో బస్సులో దిగేవాడు. పక్కపక్కనే కూర్చుని, "అక్కా, బూర సరిగ్గా పట్టుకోమను ఆయప్పను," అంటే, "అక్కా, నాకు తెలుసునని చెప్పు," అనేవాళ్ళు. మధ్యలో గంగక్కకు ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు.

తమ్ముళ్ళు మాట్లాడుకుంటే తలనీలాలిస్తానని ఆమె బేటరాయస్వామికి మొక్కుకుని ఎన్నేళ్ళయిందో. ఈ ఆషాఢంలో ఒక మధ్యాహ్నం మెస్ ముందు జీపు ఆగింది. జయరామప్ప దిగాడు. అదే జీపులోంచి, అతని వెనకే, మంజు దిగాడు. గంగక్క చేతిలో సాంబారు బకెట్టు అలాగే ఉండిపోయింది.

"ఇద్దరూ ఒకే బండిలోనా! నా కండ్లేనా ఇవి!" అంది.

"పెట్టెకు తుప్పు పడతా ఉండాది గదక్కా. ఇద్దరూ కలిసి అంతా శుభ్రం చేయిస్తా ఉండాము. నీ పిడి కూడా ఇయ్యి. అమావాస్యకు అన్నీ తెస్తాము," అన్నాడు జయరామప్ప.

పిడి ఏం భాగ్యం, ఆ పూట ప్రాణం అడిగినా ఇచ్చేది. బీరువాలో చీరల కిందినుంచి తీసి, పసుపుగుడ్డతో సహా చేతిలో పెట్టింది. మెస్‌కు తలుపులేసి, పూర్ణం పెట్టి ఓబట్లు చేసింది. ఒకే ఆకులో తింటారేమోనన్నంత దగ్గరగా ఇద్దరినీ కూర్చోబెట్టి, నెయ్యి కారేలా వడ్డించింది. ఆ వారమే డెంకణికోట వెళ్ళి గుండు చేయించుకుంది. చూడవచ్చిన మంజు తల వంచుకుని నేల చూశాడు. జయరామప్ప, "ఎందుకక్కా ఇదంతా," అని కళ్ళు తుడుచుకున్నాడు. ప్రేమే అనుకుంది పిచ్చి తల్లి!

పెద్దల అమావాస్య వచ్చింది. గంగక్క పొద్దున్నే పెద్దలకు పెట్టుకుంది. తమ్ముళ్ళు మళ్ళీ ఒకే బండిలో వచ్చారు. దుప్పటి విప్పి పెట్టెను పీట మీద ఉంచారు. మెరుగు పెట్టిన చెక్క అద్దంలా ఉంది. మంజు బూర తగిలించి, పిడిని పసుపుగుడ్డలోంచి తీసి అక్క చేతికిచ్చాడు. బొటనవేలు ఆనే చోట చెక్క అరిగిన గుంట ఉంది. పిడి తనదే.

తిప్పింది. గిలకలాగా టకటకమంది గానీ చేతికి బరువు తగల్లేదు. ఉక్కు బిగుసుకుంటుంటే రెట్ట దాకా పాకే ఆ మొరాయింపు లేదు. కొత్తగా నూనె పోసి ఉంటారులే అనుకుంది. తమ్ముళ్ళను అనుమానించినందుకు తన మీద తనే విసుక్కుంది కూడా.

మైనపు గొట్టం తిరిగింది. అదే గరగర, దాని వెనకనుంచి అదే గొంతు. అవ్వ! రాగులు విసురుతూ, తిరగలి రాయి జరిగినప్పుడల్లా కొంచెం ఊపిరి పట్టి పాడుతోంది. గంగక్క కళ్ళు నిండాయి. అలవాటుగా ఎడమ అరచేయి మూత మీద పెట్టింది.

గుర్రు లేదు.

చెయ్యి జరిపి చూసింది. ఇంకోపక్కకు జరిపి చూసింది. చెక్క చచ్చినట్టు పడి ఉంది, పాట మాత్రం వస్తోంది. కుడిచెయ్యి పిడి మీద ఉంది. పాట సగానికి వస్తోంది, అవ్వ గొంతు బరువెక్కే చోటు వస్తోంది. గంగక్క పిడిని ఊడదీసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అక్కా, కీ!" అన్నాడు జయరామప్ప.

ఆమె కదల్లేదు.

"కీ ఇయ్యక్కా, నిలబడిపోతాది! బిరీన!" మంజు కూడా ముందుకు వంగాడు. ఎంత తొందర, ఎంత ఆదుర్దా! నాటకాలవాళ్ళు కూడా సిగ్గుపడాలి.

గంగక్క వాళ్ళ మొహాలే చూస్తోంది. బరువెక్కాల్సిన చరణం వచ్చింది. గొంతు బరువెక్కలేదు. తర్వాతి చరణం వచ్చింది. అవ్వ అలసిపోలేదు, ముసలిదవలేదు, మూలగలేదు. ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా గలగలా పాడుకుంటూ పోయింది. "అక్కా, కీ..." అన్న జయరామప్ప మాట నోట్లోనే ఉండిపోయింది. మంజు వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. పాట చివరికంటా వచ్చి ముగిసింది.

"అయిపాయనా?" అని అడిగి, పెళ్ళికూతురు నవ్వింది.

గంగక్కే నోరు తెరిచింది.

"మన పెట్టె యాడ ఉండాది?"

జయరామప్ప గొంతు సవరించుకున్నాడు. "సుబ్బరాయుడని... మన పొలాల ముందర రిసార్టు కట్టినాడు గదక్కా. చుట్టూ కంచె వేసేసినాడు. టమోటా బండి పోయేదానికి కూడా దారి లేదు. అడిగితే ఆ పెట్టె ఇయ్యమన్నాడు, ఇస్తే దారి వదుల్తానన్నాడు. పాతకాలం సామాన్లంటే పిచ్చి ఆయప్పకు. దారి లేకుంటే మా ఇద్దరి చేన్లూ బీడే."

"మరి ఇదేంది?"

"నీ కోసమే చేయించినామక్కా. లోపల స్పీకరు ఉండాది. అవ్వ గొంతు బరువెక్కిన తావంతా కంప్యూటర్లో సరిచేసి పెట్టినారు. బాగుండాది గదా?" అన్నాడు మంజు.

బాగుందట! వాడి నోట ఆ మాట వినగానే గంగక్కకు ఒళ్ళు మండిపోయింది.

"ఆయప్ప ఎప్పుడు అడిగినాడు?"

"ఆషాఢంలో."

"నేను ఓబట్లు చేసి పెట్టిన దినం ఆ పిడి ఇందుకేనా అడిగినారు?"

జయరామప్ప తల దించుకుని దుప్పటి అంచు మడవసాగాడు.

"నా తల మీద కత్తి పడకముందే ఇచ్చేసినారా?"

మంజు ఏడుపు మొదలుపెట్టాడు. జయరామప్ప మాత్రం తలెత్తి, "అడిగుంటే ఇచ్చేదానివా అక్కా?" అన్నాడు.

"ఇచ్చేదాన్ని కాదు."

"చూసినావా! అందుకే గదా..."

"అందుకే నా చెవిలో పువ్వు పెట్టినారు. మీరు ఒకటైనారని నేను దేవుడికి జుట్టిచ్చినాను రా. మీరు ఒకటైంది నన్ను మోసం చేసేదానికి. ఇన్నేండ్లు నేను కాళ్ళావేళ్ళా పడితే కలవనోళ్ళు, దీనికి కలిసినారు!"

మంజు ముక్కు తుడుచుకుంటూ, "నీ పిడి మాత్రం ఇయ్యలేదక్కా. ఆయప్పకు వేరేది చేయించి ఇచ్చినాను. అది నీదే, ఒట్టు," అన్నాడు.

గంగక్క ఒళ్ళో ఉన్న పిడి వైపు చూసింది. బొటనవేలు తనంతట తానే గుంటలోకి పోయింది.

"ఆడ ఎవురు కీ ఇస్తా ఉండారు రా? సగంలో మళ్ళా ఇయ్యాలని చెప్పినారా?"

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవురూ ఇయ్యరక్కా. గాజు అల్మారాలో పెట్టి తాళం వేసినాడు. పాడించడంట. ఊరికే చూసేదానికి," అన్నాడు జయరామప్ప.

అప్పుడేడ్చింది గంగక్క. ఇంతసేపూ రాని ఏడుపు, కడుపులోంచి వచ్చింది. తమ్ముళ్ళు దగ్గరికి రాబోతే చెయ్యడ్డం పెట్టింది. కాసేపటికి తనే కొంగుతో మొహం తుడుచుకుని లేచి, ఇద్దరికీ ఆకులేసి వడ్డించింది. పెద్దల దినం తిననీయకుండా పంపితే అవ్వ ఊరుకోదు. వాళ్ళు ఎంగిలిపడ్డామనిపించి లేచారు. ఓబట్లు ముట్టుకోలేదు. పిడిని పసుపుగుడ్డలో చుట్టి ఆమె బీరువాలో పెట్టుకుంది. పీట మీది పెట్టెను తీసుకుపొమ్మంది.

గడప దగ్గర జయరామప్ప ఆగాడు. చంకలో దుప్పటి చుట్టిన పెట్టె ఉంది.

"వచ్చే ఏడు అమావాస్యకు రావచ్చునా అక్కా?"

"రాండి. తోడబుట్టినోళ్ళను వద్దంటానా?" అంది గంగక్క. "కానీ ముందు మాదిరి వేరేవేరే బస్సుల్లో రాండప్పా. మీరిద్దరూ ఒకే బండిలో దిగితే నాకు భయం."